పాల డెలివరీ యాప్‌కి ఫైర్‌బేసా, సుపాబేసా? సర్వర్ రాయనివాళ్లకు క్లౌడ్ బ్యాకెండ్ గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫ్లట్టర్‌లో (ఫోన్ యాప్‌లు చేసే టూల్) స్క్రీన్లు బాగానే చేస్తారు కానీ సర్వర్ ఎప్పుడూ రాయలేదు. మీకు తెలిసినాయన ఒకరు 400 ఇళ్లకు పాలు వేయిస్తారు, లెక్కంతా నోటు పుస్తకంలోనే. ఆయనకు యాప్ కావాలి. పాలు వేసే కుర్రాళ్లు ఏ ఇంటికి ఎంత వేశారో నమోదు చేయాలి, ఇంటివాళ్లు ‘రేపు వద్దు’ అని చెప్పగలగాలి, నెలాఖరుకు బిల్లు తేలాలి, డబ్బు ఆన్‌లైన్‌లో కట్టగలగాలి. ‘సర్వర్ లేకుండా ఫైర్‌బేస్‌తో అయిపోతుందంటున్నారు, నిజమేనా? సుపాబేస్ మేలా? ఉచితంగా ఎంత దూరం వస్తుంది?’ అని అడిగారు.

అయిపోతుంది. ఇలాంటి యాప్‌కి ఇవాళ సొంత సర్వర్ అక్కర్లేదు. అయితే క్లౌడ్ బ్యాకెండ్, అంటే వేరే కంపెనీ ఇంటర్నెట్‌లో నడిపి మనకిచ్చే సర్వర్, మీ నెత్తి మీద నుంచి దించేది సర్వర్ నడిపే పనిని మాత్రమే. ఎవరు ఏ డేటా చూడొచ్చు, ఎవరు ఏది మార్చొచ్చు అన్నది మీరే తేల్చాలి. డేటాను ఏ రూపంలో దాచాలన్నదీ మీరే తేల్చాలి. ఈ రెండూ స్క్రీన్లకు ముందే కాగితం మీద రాసుకోండి. స్క్రీన్లు అయ్యాక వీటిని మార్చాలంటే సగం యాప్ మళ్లీ రాసినట్టే. అందుకే నా జవాబులో ఎక్కువ భాగం వీటి మీదే ఉంటుంది.

ముందు ఫైర్‌బేస్, సుపాబేస్ లాంటి ఈ సర్వీసులు ఇచ్చేదేమిటో చూద్దాం. లాగిన్, డేటాబేస్, ఫొటోలు ఫైళ్లు దాచుకునే చోటు, పుష్ నోటిఫికేషన్లు, అవసరమైనప్పుడు మాత్రమే నడిచే చిన్న చిన్న ఫంక్షన్లు. ఇవన్నీ కలిపి ఒక ఎస్‌డీకేగా (రెడీమేడ్ కోడ్ మూటగా) మీ యాప్‌లోకి వస్తాయి. ఫైర్‌బేస్ 2012లో రియల్‌టైమ్ డేటాబేస్‌తో బయటికి వచ్చింది, 2014లో గూగుల్ కొనుక్కుంది. ఇప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా వాడే దాని రెండో డేటాబేస్ ఫైర్‌స్టోర్ 2017లో వచ్చింది. సుపాబేస్ 2020 ప్రాంతంలో మొదలైంది, లోపల ఉన్నది టేబుళ్లు, వరుసలుగా డేటా దాచే మామూలు పోస్ట్‌గ్రెస్ డేటాబేసే. అమెజాన్‌లో ఇలాంటిదే యాంప్లిఫై ఉంది. యాప్‌రైట్ అనే ఇలాంటి ఇంకో దాన్ని మీ సొంత మెషీన్ మీదే పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు సర్వర్ బాధ్యత మళ్లీ మీదే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీ యాప్ కస్టమర్ ఫోన్‌లోకి వెళ్లిన క్షణం నుంచి అది మీ చేతిలో ఉండదు. ఏపీకే ఫైల్‌ను, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్‌ను, విప్పి లోపల ఏముందో చూడటం పెద్ద విద్య కాదు. అందులోని ఫైర్‌బేస్ కీ తీసుకుని, మీ స్క్రీన్లతో పని లేకుండా నేరుగా మీ డేటాబేస్‌తో మాట్లాడవచ్చు. ఆ కీ బయటపడటం తప్పు కాదు, అది మీ ప్రాజెక్టు ఏదో చెప్పే గుర్తు, అంతే. కాపలా కాసేది సెక్యూరిటీ రూల్స్, అంటే ఎవరు ఏది చదవొచ్చు, ఏది రాయొచ్చు అని డేటాబేస్ దగ్గర మీరు రాసిపెట్టే నియమాలు. కాబట్టి ‘బటన్ దాచేశాను, వాళ్లకు కనిపించదు’ అనేది భద్రత కిందకి రాదు.

ఫైర్‌స్టోర్ మొదటిసారి తెరిచేటప్పుడు ‘టెస్ట్ మోడ్’ అని ఒకటి అడుగుతుంది. అది 30 రోజులు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అంటుంది. ఆ తర్వాత అందరికీ తలుపు మూసేస్తుంది. ఒక రోజు పొద్దున్నే యాప్ అంతా ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. ఆ టెన్షన్‌లో నెట్‌లో వెతికితే ‘లాగిన్ అయి ఉంటే చాలు, అన్నీ చేయొచ్చు’ అనే ఒక్క లైన్ రూల్ దొరుకుతుంది. అది పెట్టగానే యాప్ మళ్లీ నడుస్తుంది, అక్కడితో ఆ సంగతి మర్చిపోతారు. చాలా యాప్‌లు ఆ రూల్‌తోనే ప్లే స్టోర్‌లోకి వెళ్లిపోతున్నాయి.

మీ యాప్‌లో ఆ రూల్ ఏం చేస్తుందో ఆలోచించండి. ఏ ఫోన్ నంబరుతోనైనా లాగిన్ అయ్యే వీలుంటే, లాగిన్ అయిన ప్రతి మనిషికీ 400 ఇళ్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు అందుతాయి. అంతకంటే ప్రమాదం, ‘15 నుంచి 22 దాకా పాలు వద్దు’ అన్న నమోదు కూడా అందుతుంది. ఆ వారం ఆ ఇంటికి తాళం వేసి ఉంటుందని దాని అర్థం. తాళం వేసిన ఇళ్ల జాబితాను తారీఖులతో సహా మనమే తయారు చేసి, ఎవరడిగితే వాళ్లకు ఇస్తున్నామన్నమాట. ఈ ఒక్క కారణం చాలు, రూల్స్‌ని చివరి రోజు పనిగా చూడకపోవడానికి.

కాబట్టి కాగితం మీద ముగ్గురు మనుషుల్ని రాసుకోండి: యజమాని, పాలు వేసే కుర్రాడు, ఇంటివాళ్లు. ప్రతి ఒక్కరికీ ఏది చదవొచ్చు, ఏది రాయొచ్చు అని రాయండి. ఇంటివాళ్లు తమ ఇంటి లెక్క మాత్రమే చదవాలి. తమ ‘వద్దు’ తారీఖులు రాయొచ్చు, కానీ పాల రేటు, పాత బాకీ, జమ అన్నవి ముట్టుకోకూడదు. కుర్రాడు తన లైన్‌లోని ఇళ్లనే చూడాలి. లీటర్లు రాయొచ్చు కానీ జమ రాయకూడదు. రూల్స్‌లో ఏ ఫీల్డ్ (గడి) మారిందో చూసి ఆపే వీలుంది, దాన్ని వాడండి.

ఇక్కడ మూడు చోట్ల కొత్తవాళ్లు తడబడతారు. ఫైర్‌స్టోర్‌లో డాక్యుమెంట్ (కొన్ని ఫీల్డులు కలిసిన ఒక రికార్డు) చదివే అనుమతి ఇస్తే మొత్తం డాక్యుమెంట్ ఇచ్చినట్టే, కొన్ని ఫీల్డులు దాచడం కుదరదు. కుర్రాడికి కనిపించకూడని బాకీ వేరే డాక్యుమెంట్‌లో ఉండాలి. రెండోది, రూల్స్ డేటాను వడపోయవు. ‘అన్ని ఇళ్లూ తీసుకురా’ అని అడిగితే మీ ఇల్లు మాత్రం ఏరి ఇవ్వదు, మొత్తంగా తిరస్కరిస్తుంది. క్వెరీలోనే, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలోనే, ‘నా ఇల్లు’ అని అడగాలి. మూడోది సమయం. ‘రాత్రి 10 దాటాక రేపటి పాలు వద్దనకూడదు’ అనే నియమం ఉంటే, ఫోన్ గడియారాన్ని నమ్మకండి, దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. రూల్స్‌లో సర్వర్ సమయం దొరుకుతుంది, దానితోనే పోల్చండి.

సుపాబేస్‌లో ఇదే పనిని పోస్ట్‌గ్రెస్‌లోని రో లెవల్ సెక్యూరిటీ (వరుసవారీ అనుమతులు) చేస్తుంది. ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్‌తో మాట్లాడే భాష) టేబుల్ సృష్టించినప్పుడు అది ఆన్ అయి ఉందో లేదో ఒక్కో టేబుల్‌కీ విడిగా చూసుకోండి. అక్కడ రెండు రకాల కీలు ఉంటాయి. యాప్‌లో పెట్టాల్సింది యానన్ కీ, కొత్త ప్రాజెక్టుల్లో దాన్నే పబ్లిషబుల్ కీ అంటున్నారు. సర్వీస్ రోల్ కీ, అంటే కొత్త పద్ధతిలో సీక్రెట్ కీ, రూల్స్ అన్నిటినీ దాటుకుని వెళ్లిపోతుంది. ‘పర్మిషన్ రావట్లేదు, ఈ కీ పెడితే వచ్చింది’ అని సంబరపడి దాన్ని యాప్‌లో పెట్టేశారంటే డేటాబేస్ మొత్తం జనం చేతిలో పెట్టినట్టే. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోకి కూడా ఆ కీ వెళ్లకూడదు.

ఇప్పుడు డేటా రూపం. ఫైర్‌స్టోర్ బిల్లు వేసేది ప్రధానంగా ఎన్ని డాక్యుమెంట్లు చదివారు, ఎన్ని రాశారు అన్నదాని మీద. ఉచిత పరిమితి రోజుకు 50,000 చదవడాలు, 20,000 రాయడాలు. వినడానికి ఎక్కువే. మీ లెక్క వేద్దాం. ఇంటికి రోజుకొక డాక్యుమెంట్ చొప్పున రాస్తే 400 ఇళ్లకు నెలకు 12,000 డాక్యుమెంట్లు. యజమాని నెల లెక్క పేజీ ఒకసారి తెరిస్తే 12,000 చదవడాలు. నాలుగుసార్లు తెరిస్తే 48,000. ఉచిత ప్లాన్‌లో ఐదోసారి సగంలోనే ఆగిపోతుంది, ఆ రోజుకి ఇంటివాళ్లకు కూడా యాప్ పనిచేయదు. వాడేది ఒక్క యజమానే! నెలాఖరున ఆయన ఆ పేజీని రోజుకు నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తెరుస్తారు.

అదే, ఇంటికి నెలకొక డాక్యుమెంట్ పెట్టి, అందులో 1 నుంచి 31 దాకా తారీఖులవారీగా పాలు రాస్తే? కుర్రాడు రోజూ ఆ డాక్యుమెంట్‌లో ఆ రోజు గడిని మాత్రం నింపుతాడు. రాయడాలు అంతే, రోజుకు 400. నెల పేజీ తెరిస్తే 12,000 బదులు 400 చదవడాలు. ఒక డాక్యుమెంట్ 1 మెగాబైట్ దాకా ఉండొచ్చు, 31 గడులు అందులో ఒక మూలకు సరిపోతాయి. కోడ్‌లో తేడా పదీ పదిహేను లైన్లు. ఫైర్‌స్టోర్‌లో డేటాను ఎలా చూపిస్తారో అలా దాచుకోవాలి అని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

రెండు చిన్న మాటలు ఇక్కడే చెప్పేస్తాను. పాల రేటు నెల మధ్యలో మారుతుంది. రేటును ఇంటి ప్రొఫైల్‌లో ఒక్కచోటే ఉంచితే, మార్చిన రోజున గడిచిన రోజుల లెక్క కూడా మారిపోతుంది. ఆ రోజు పాలతో పాటు ఆ రోజు రేటు కూడా రాయండి. డబ్బును దశాంశాల్లో కాక పైసల్లో, పాలను మిల్లీలీటర్లలో పూర్ణాంకాలుగా దాచండి. నెలాఖరున పైసా రెండు పైసలు తేడా వచ్చి లెక్క తేలకపోతే, యజమానికి యాప్ మొత్తం మీదే నమ్మకం పోతుంది.

సుపాబేస్‌లో అయితే ఈ రూపం గురించి ఇంత తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రోజుకొక వరుస రాయండి, నెలాఖరున ఇంటివారీగా కూడమని ఒక్క ఎస్‌క్యూఎల్ క్వెరీ అడగండి, 400 వరుసలు వస్తాయి. చదివిన వరుసకింత అని డబ్బు అడగదు. ఏడాదికి లక్షన్నర వరుసల లోపే, ఉచిత ప్లాన్‌లోని 500 మెగాబైట్లలో కొన్నేళ్లు సర్దుకుంటుంది. ‘ఏ వీధిలో గేదె పాలు ఎక్కువ పోతున్నాయి, ఎవరి బాకీ మూడు నెలలు దాటింది’ లాంటి ప్రశ్నలు వేసే యజమానికి పోస్ట్‌గ్రెస్ చాలా సుఖం. ఫైర్‌స్టోర్‌లో ఇలాంటి ప్రతి ప్రశ్నకూ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

అయినా మీ యాప్‌కి నేను ఫైర్‌స్టోర్ అనే చెబుతాను. కారణం ఒక్కటే, తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, లిఫ్టులో నెట్ ఉండదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లలో ఫైర్‌స్టోర్ నెట్ లేకపోయినా రాసింది ఫోన్‌లోనే ఉంచుకుని, సిగ్నల్ రాగానే పంపిస్తుంది. ఇది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మీరు కోడ్ రాయక్కర్లేదు. సుపాబేస్‌లో ఇది సహజంగా లేదు. ఫోన్‌లో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుని, నెట్ వచ్చాక కలిపే పని మీరు చేయాలి, లేదా వేరే టూల్ తెచ్చుకోవాలి. సర్వర్ అనుభవం లేనివాళ్లకు సింక్ రాయడం ఈ యాప్ మొత్తంలోకీ కష్టమైన పని అవుతుంది. ఒక్క జాగ్రత్త: ఫైర్‌స్టోర్‌లో ట్రాన్సాక్షన్లు (చదివి, దాన్నిబట్టి ఒకే దెబ్బలో రాసేవి) నెట్ లేకపోతే పనిచేయవు. కుర్రాడి నమోదుకు మామూలు అప్‌డేట్ చాలు. మీరే గనక ట్యూషన్ సెంటర్ ఫీజుల యాప్ అనో, ఆఫీసులో కూర్చుని వాడే స్టాకు లెక్క అనో అడిగి ఉంటే సుపాబేస్ అని చెప్పేవాణ్ని.

డబ్బు విషయం. ‘పేమెంట్ అయింది’ అని యాప్ చెబితే నమ్మి జమ రాయకూడదు. బిల్లు ఎంతో కూడా యాప్ చెప్పకూడదు. ఇక్కడ క్లౌడ్ ఫంక్షన్, అంటే ఫోన్‌లో కాక సర్వర్ మీద నడిచే చిన్న కోడ్, కావాలి. ఉదాహరణకు ఆన్‌లైన్ పేమెంట్ కంపెనీ రేజర్‌పే తీసుకుందాం. ఇంటివాళ్లు ‘కట్టు’ నొక్కగానే ఫంక్షన్ డేటాబేస్ నుంచి బాకీ తానే లెక్కగట్టి, సీక్రెట్ కీతో పైసల్లో ఆర్డర్ సృష్టిస్తుంది. యాప్‌కి ఆర్డర్ నంబరు మాత్రమే వస్తుంది. డబ్బు కట్టాక వచ్చే సిగ్నేచర్‌ని (పేమెంట్ నిజమేనని రుజువు చేసే కోడ్) ఫంక్షనే సరిచూస్తుంది. అదీ చాలదు, డబ్బు కట్టిన క్షణంలోనే ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. అందుకని పేమెంట్ కంపెనీ సర్వర్ నుంచి నేరుగా మీ ఫంక్షన్‌కి వచ్చే వెబ్‌హుక్ అనే కబురు కూడా పెట్టుకోవాలి. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు. పేమెంట్ నంబరునే డాక్యుమెంట్ ఐడీగా వాడి, అది ముందే ఉంటే జమను మళ్లీ కలపకండి. లేదంటే 1,800 కట్టినవాళ్లకు 3,600 జమ పడుతుంది.

రీజియన్, అంటే సర్వర్లు ఏ ఊళ్లో ఉండాలన్నది, ఎంచుకునేటప్పుడు తొందరపడకండి. ఫైర్‌స్టోర్‌కి ముంబై, ఢిల్లీ రెండూ ఉన్నాయి, ఒకసారి ఎంచుకున్న డేటాబేస్‌కి ఇక మార్చలేరు. పాత రియల్‌టైమ్ డేటాబేస్‌కి మన దేశంలో చోటు లేదు, దగ్గరిది సింగపూర్. ఫంక్షన్లకు మీరు ఏమీ చెప్పకపోతే అమెరికాలోని అయోవాకి వెళ్లి కూర్చుంటాయి. డేటాబేస్ ముంబైలో, ఫంక్షన్ అయోవాలో ఉంటే బిల్లు లెక్కలో ప్రతి చదవడమూ సముద్రాలు దాటి వస్తుంది. ‘ఫైర్‌బేస్ స్లో’ అనే ఫిర్యాదులకు ఇదీ ఒక మూలం. ఫంక్షన్‌లో ముంబై అని ఒక్క లైన్ రాయాలి. సుపాబేస్‌కి ముంబై ఉంది. అమెజాన్‌కి 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి మన హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది.

‘ఉచితంగా ఎంత దూరం’ అన్నదానికి సూటిగా చెబుతాను. లాగిన్, ఫైర్‌స్టోర్, నోటిఫికేషన్లు వరకు స్పార్క్ అనే ఉచిత ప్లాన్‌లో నేర్చుకోవచ్చు, కార్డు అక్కర్లేదు. ఫంక్షన్లు, ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు, కొత్త ప్రాజెక్టుల్లో ఫొటోల స్టోరేజీ కావాలంటే కార్డు పెట్టి, వాడినంతకు డబ్బు కట్టే బ్లేజ్ ప్లాన్‌కి మారాలి. బ్లేజ్‌లో కూడా ఉచిత కోటా ఉంటుంది, ఫంక్షన్లకైతే నెలకు 20 లక్షల పిలుపులు (ఒకసారి నడిస్తే ఒక పిలుపు). 400 ఇళ్ల వ్యాపారానికి, డేటా పైన చెప్పినట్టు దాస్తే, డేటాబేస్ ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఖర్చయ్యేది ఓటీపీలకే. యజమాని ముందే నమోదు చేసిన నంబర్లకే డేటా అందేలా రూల్స్ పెట్టండి. ఎస్సెమ్మెస్‌లు భారతదేశ నంబర్లకు మాత్రమే వెళ్లేలా ఫైర్‌బేస్ సెట్టింగ్స్‌లో ఎంచుకోండి. అన్ని దేశాలకూ తెరిచి పెడితే, విదేశీ నంబర్లకు వేల ఓటీపీలు అడిగి మీ మీద బిల్లు ఎక్కించే ముఠాలు ఉన్నాయి.

స్పార్క్‌కీ బ్లేజ్‌కీ ఉన్న తేడా బాగా గుర్తుంచుకోండి. స్పార్క్‌లో కోటా అయిపోతే సర్వీస్ ఆగుతుంది. బ్లేజ్‌లో ఆగదు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. బడ్జెట్ అలర్ట్ పెడితే మెయిల్ వస్తుంది తప్ప ఖర్చు ఆగదు. ఎక్కువ బిల్లు రావడానికి పెద్ద ట్రాఫికే అక్కర్లేదు, చిన్న లూపు చాలు. ఒక డాక్యుమెంట్ మారగానే నడిచే ఫంక్షన్ అదే డాక్యుమెంట్‌ని మళ్లీ మారిస్తే, అది మళ్లీ నడుస్తుంది, మళ్లీ మారుస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి లక్షల పిలుపులు. ఫంక్షన్ మొదట్లోనే ‘విలువ నిజంగా మారిందా’ అని చూసి, లేకపోతే వెనుదిరగండి. ఫ్లట్టర్‌లో స్క్రీన్ గీసే బిల్డ్ ఫంక్షన్ లోపల క్వెరీ రాసినా ఇదే గతి, స్క్రీన్ గీసిన ప్రతిసారీ చదువుతుంది.

సుపాబేస్ ఉచిత ప్లాన్‌లో వారం పాటు ఎవరూ వాడకపోతే ప్రాజెక్టు నిద్రలోకి వెళ్తుంది, ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఉండవు. నిజమైన వ్యాపారానికి నెలకు 25 డాలర్ల ప్లాన్ అని లెక్కేసుకునే మొదలుపెట్టండి.

ఒక సర్వీసు మీదే ఆధారపడటం ప్రమాదం కాదా అని మీకు సందేహం రావాలి. పార్స్ అని ఇలాంటి సర్వీసే ఒకటుండేది, యాప్‌లు చేసేవాళ్లు ఎంతో ఇష్టంగా వాడేవారు. 2013లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. 2016 జనవరిలో మూసేస్తున్నామని ప్రకటించి, ఏడాది గడువిచ్చి, 2017 జనవరిలో మూసేసింది. పార్స్ సర్వర్ కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేశారు కాబట్టి చాలామంది తమ యాప్‌లను తరలించుకోగలిగారు. కానీ డేటాబేస్ పిలుపులు యాభై స్క్రీన్లలో చల్లి పెట్టుకున్నవాళ్లకు అదే ఏడాది నరకం. మీ యాప్‌లో ఫైర్‌స్టోర్ పేరు కనిపించే ఫైళ్లు ఒక్క ఫోల్డర్‌లోనే ఉండాలి. స్క్రీన్లు ‘నెల లెక్క ఇవ్వు’ అని అడగాలి, అది ఎక్కడి నుంచి వస్తుందో వాటికి తెలియకూడదు. వారానికొకసారి డేటా మొత్తం బయటికి తీసి దాచండి.

యజమానితో మాట్లాడేటప్పుడు ఒక విషయం ముందే తేల్చుకోండి. ప్రాజెక్టు ఆయన గూగుల్ ఖాతా మీద, ఆయన కార్డు మీద ఉండాలి, మీరు అందులో సభ్యులుగా చేరాలి. మీ ఖాతా మీద పెడితే మూడేళ్ల తర్వాత కూడా ఆయన బిల్లు మీకే వస్తుంది, మీరు వేరే ఉద్యోగంలో చేరినా వదిలించుకోలేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం కస్టమర్ల వివరాల బాధ్యత వ్యాపారం చేసేవారిదే. పుట్టినరోజు, ఆధార్ లాంటివి పాలు వేయడానికి అక్కర్లేదు, అడగకండి. యాప్‌లో ఖాతా తెరిపిస్తే దాన్ని తీసేసుకునే దారి కూడా ఉండాలని ప్లే స్టోర్ నియమం, ఆ స్క్రీన్ మర్చిపోతే అప్‌డేట్ ఆపేస్తారు.

మొదలుపెట్టేది ఇలా. ఫైర్‌బేస్ ఎమ్యులేటర్‌ని, అంటే పరీక్షించుకోవడానికి దాని నకలుని, మీ లాప్‌టాప్‌లో ఎక్కించండి. డేటాబేస్, లాగిన్, ఫంక్షన్లు అన్నీ అందులోనే నడుస్తాయి, పైసా ఖర్చుండదు. ఇద్దరు ఇంటివాళ్లు, ఒక కుర్రాడు, ఒక యజమాని అని నాలుగు ఖాతాలు చేయండి. మొదటి ఇంటి లాగిన్‌తో రెండో ఇంటి నెల డాక్యుమెంట్ చదవడానికి, తర్వాత అదే లాగిన్‌తో మొదటి ఇంటి బాకీని సున్నా చేయడానికి కోడ్ రాసి చూడండి. రెండూ తిరస్కరణకు గురయ్యేదాకా ఒక్క స్క్రీన్ కూడా మొదలుపెట్టకండి. రూల్స్ రాశాక వాటిని ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు, కీలు మాత్రం తీసేసి. లైన్ లైనూ చూసి చెబుతాను.